మళ్ళీ పోటు వచ్చేదాకా

నేను ఒక జెండాను. జెండా అనగానే లేచి నిలబడేవాళ్ళుంటారు. మీరలా చేయకండి, హాయిగా కూర్చునే వినండి. నా ఊరు ఓలావా. పసిఫిక్ మహాసముద్రం పటం తీసి వెతికినా మీకు దొరకదు. ఒకవేళ కనపడినా, అచ్చువేసినవాడి చేతిలో సిరా జారిందేమో అనుకుని పేజీ తిప్పేస్తారు. ప్రస్తుతం నేనున్నది అక్కడ కాదు. మమ్మల్ని ఏలే పెద్ద దేశపు రాజధానిలో, ఒక మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. ఆ దేశం పేరు నేను చెప్పను. లోకంలో ప్రతివాడూ చెప్తూనే ఉన్నాడు, నేనొకదాన్ని మానేస్తే దానికొచ్చే లోటేమీ లేదు.

మరి తెలుగులో ఎలా చెప్తున్నానంటారా? నన్ను కుట్టిన చేయి తెలుగు చేయి. కుడుతున్నంతసేపూ ఆ నోరు ఊరుకోలేదు. గుడ్డకైనా మొదట చెవిన పడిన భాషే మాతృభాష అవుతుంది కదా. కోపం వచ్చినప్పుడు మాతృభాషే నోట్లోంచి వస్తుందని అందరూ అంటారు. నాకు ఎప్పుడూ కోపంగానే ఉంటుంది, అందుకని ఎప్పుడూ తెలుగే.

ముందు ఓలావా సంగతి చెప్పాలి. విరిగిన గాజు ముక్కల్ని గుండ్రంగా పేరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి మా దీవులు, మొత్తం పదకొండు. మధ్యలో అలలు లేని లేత పచ్చ నీళ్ళు, బయట పగడపు గట్టు, ఆ గట్టు అవతల ఆకాశం దాకా సముద్రం. కొబ్బరి, సీమపనస, గోతులు తవ్వి పెంచే చేమ, చేపలు. అంతకు మించి ఏమీ లేదు, అంతకు మించి ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా. కొండలూ గుట్టలూ లేవు. దీవులన్నిట్లోకీ ఎత్తైన చోటు పెద్ద దీవి తౌనాలో ఉంది. అది పెద్ద దేశం పంపిన పాలనాధికారి బంగళా వెనక ఉన్న చెత్తకుప్ప. బంగళావాళ్ళు తాగి పారేసిన సీసాలూ తిని పారేసిన డబ్బాలూ పోగుపడి మాకు ఆ మాత్రం కొండ ఏర్పడింది.

ఇక చరిత్ర. తిమింగలాల కోసం ఒకళ్ళు వచ్చారు. కొబ్బరి కోసం ఒకళ్ళు వచ్చారు. దేవుణ్ణి పట్టుకుని ఒకళ్ళు, తుపాకులు పట్టుకుని ఇంకొకళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ తౌనా ఒడ్డున ఒక కర్ర పాతి తన జెండా ఎగరేశాడు. కర్ర పాతిన గొయ్యి మాత్రం అందరిదీ ఒకటే, ఎవరూ కొత్తది తవ్వే శ్రమ కూడా పడలేదు. చివరికి వచ్చినవాళ్ళు పెద్ద దేశంవాళ్ళు. వాళ్ళకు ఏలడం చాలలేదు, ఏలుతూ మంచివాళ్ళనిపించుకోవాలని కూడా ఉంది. "మీకూ ఒక సొంత జెండా ఉండొచ్చు, కుట్టుకోండి" అన్నారు. అలా పుట్టాను నేను.

ఓలావా పెద్దలు కూర్చుని నా రూపం తేల్చారు. ముదురు నీలం గుడ్డ. దాని మీద గుండ్రంగా తెల్లని చుక్కలు, దీవికొకటి. పాలనాధికారి తమ నౌకాదళం లంగరు గుర్తు కూడా ఒక మూల పెడితే బాగుంటుందన్నాడు. చోటు లేదన్నారు పెద్దలు. అంత పెద్ద నీలం గుడ్డ ఎదురుగా పెట్టుకుని చోటు లేదన్నారు, అందుకు వాళ్ళంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఓలావా మొత్తానికి కుట్టుమిషను ఉన్నది పైడమ్మకొక్కతెకే. ఆమె పుట్టింది ఫిజీలో. అమ్మానాన్నలు బొబ్బిలి పక్క పల్లె నుంచి గిర్మిట్ అనే కూలి ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర వేసి అక్కడి చెరకు తోటలకు పోయినవాళ్ళు. ఐదేళ్ళు పనిచేసి వచ్చేయొచ్చని చెప్పి ఓడ ఎక్కించారు. ఆ ఐదేళ్ళూ అయ్యాయి, వాళ్ళు మళ్ళీ బొబ్బిలి మొహం చూడలేదు. పైడమ్మను సన్యాసి అనే కొట్టువాడికిచ్చి చేశారు. ఆ సన్యాసి ఓలావాకొచ్చి తౌనాలో కిరాణా కొట్టు పెట్టుకుంటే, ఆమె మిషను పట్టుకుని వెనకే వచ్చింది.

నన్ను కుట్టేటప్పుడు ఆమెకు సాయం కూర్చున్నది లోసా. తూర్పు అంచున ఉన్న నాహే దీవి పిల్ల. కొత్తగా తల్లయింది. ఒళ్ళో మోవా అని నెలల బిడ్డ. కుట్టు నేర్చుకుందామని పడవెక్కి పైడమ్మ దగ్గరికి వచ్చేది. వచ్చిన మొదటి రోజే "అక్కా" అనే మాట నేర్చుకుంది, ఆ తర్వాత పేరు పెట్టి పిలవనేలేదు. పైడమ్మ నీలం గుడ్డ పరిచి తెల్ల చుక్కలు పెట్టుకుంటూ పోయింది. అన్నీ పెట్టాక వెనక్కి జరిగి చూసుకుని తృప్తిగా తలూపింది. లోసా పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏటే పిల్లా, నవ్వుతావేటి?"

"అక్కా, నట్టనడుమ చుక్క పెట్టావు. అక్కడ నీళ్ళే కదా. ఎవరుంటారు, చేపలా?"

"నడుమ సుక్క నేకపోతే ముగ్గు ఎలగ నిలబడతాదే? మా యమ్మయితే సేతి మీద కొట్టేది."

"మరి మా నాహే ఏది?"

పైడమ్మ లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. నాహేకు పెట్టాల్సిన చుక్కే తీసుకెళ్ళి మధ్యలో పెట్టేసింది. "ఓలమ్మోలమ్మ! మీ ఊరిని ఊరు నీళ్ళలో పడేసినాను గదే!" అని నోటి మీద చేయి వేసుకుంది. ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ చుక్కను తన చేత్తో తీసి, తన ఊరున్న చోట తనే కుట్టింది లోసా. కుట్టు వచ్చీరాని చేయి, పెద్ద పెద్ద ఎగుడుదిగుడు కుట్లు. మిగిలిన పది చుక్కలూ మిషను కుట్లతో నున్నగా ఉంటే, నాహే ఒక్కటి చేతి కుట్లతో గరుగ్గా ఉండేది. పాలనాధికారి దాన్ని చూసి పెదవి విరిచాడు గానీ మార్చమనలేదు.

నన్ను ఎగరేశారు. ఎగరేసినరోజే నా బతుకేమిటో తెలిసొచ్చింది. చట్టప్రకారం నేను ఒంటరిగా ఎగరకూడదు. పక్కన పెద్ద దేశం జెండా ఉండాలి. దాని కర్ర నా కర్రకంటే ఎత్తుగా ఉండాలి. ముందు అది ఎక్కాలి, తర్వాత నేను. దిగేటప్పుడు ముందు నేను, తర్వాత అది. నా నేల మీద, నా గాలిలో, ఒక పరాయి గుడ్డ మొహం చూసి నేను ఎగరాలి. దీన్ని గౌరవం అన్నారు. ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి తుఫాను వచ్చి పడమటి దీవుల్లో ఇళ్ళకు ఇళ్ళు కొట్టుకుపోయాయి. పిల్లా పెద్దా పోయారు. చనిపోయినవాళ్ళ కోసం నన్ను సగానికి దించమని మా వాళ్ళు అడిగారు. నన్నొకదాన్నే దించడానికి వీల్లేదట. పెద్ద జెండా దిగితేనే నేను దిగాలి. అది దిగాలంటే రాజధాని నుంచి ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు రాలేదు. శవాలను ఒడ్డున వరసగా పడుకోబెడుతుంటే నేను పైన నిగనిగలాడుతూ ఎగురుతూనే ఉన్నాను. ఆ ఏడాదే రాజధానిలో ఎవరో మాజీ మంత్రి పోయాడు. ఆయన పేరు పలకడానికి మా వాళ్ళకు నోరు తిరగలేదు. ఆయన కోసం వారమంతా సగానికి వేలాడాను.

లోసా బిడ్డ మోవా కూడా ఎంతోకాలం బతకలేదు. అడుగులు వేయకముందే జ్వరం వచ్చి పోయింది. నాహేలో ఊరి చివర కొబ్బరి చెట్ల కింద గోరీలన్నీ ఒక వరసలో ఉండేవి. ఆ వరస చివర లోసా తల్లి గోరీ. దాని పక్కన మోవాను పెట్టారు. ఓలావాలో గోరీకి కట్టడం ఉండదు. ఇసుక మీద తెల్లని పగడపు రాళ్ళు పరుస్తారు, అంతే. ప్రతి పౌర్ణమికీ ఇంటి ఆడవాళ్ళు ఆ పాత రాళ్ళు తీసేసి, కొత్తవి ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ పరుస్తారు. పోయినవాళ్ళకు పక్క మార్చడం అంటారు దాన్ని. పక్క మార్చని గోరీ ఉందంటే ఆ ఇంట్లో మనిషే లేరని అర్థం.

అలాంటి ఒక పౌర్ణమినాడు పాలనాధికారి పరివారంతో నాహేకొచ్చాడు. రెండు జెండాలనూ, అంటే దాన్నీ నన్నూ, వెంట మోయించుకొచ్చి ఒడ్డున పాతించాడు. ఊరందరినీ కూర్చోబెట్టాడు. అతని మాటల్ని ఓలావా భాషలో చెప్పడానికి తియో అనే గుమాస్తా పక్కన నిలబడ్డాడు. తౌనావాడు, నెమ్మదస్తుడు.

"మా నౌకాదళానికి ఈ దీవితో పనిపడింది," అన్నాడు పాలనాధికారి. "మీరు తాత్కాలికంగా తౌనాకు మారాలి."

తియో గతుక్కుమన్నాడు. తాత్కాలికం అనే మాట ఓలావా భాషలో లేదు. ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. కాసేపటికయ్యే పని గురించి చెప్పాలంటే సముద్రాన్ని పెట్టి చెప్తారు. తియో తల గోక్కుని, "పెద్దలారా, మళ్ళీ పోటు వచ్చేదాకా మీరు తౌనాలో ఉండాలట," అన్నాడు.

ఊరంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఈ మాత్రానికి ఇంతమంది రావాలా? రెండు జెండాలు కూడా మోసుకొచ్చారే పాపం!" అన్నాడు ఒక ముసలాయన, అందరూ నవ్వారు. ఆడవాళ్ళు అప్పుడే నేల పొయ్యిల్లో చేమదుంపలూ చేపలూ పెట్టి, ఆకులు కప్పి, పైన మట్టి కప్పారు. తిరిగొచ్చేసరికి ఉడికి ఉంటాయిలే అనుకున్నారు. కోళ్ళను వదిలేశారు. తలుపులు లేని ఇళ్ళు, వేయడానికి తాళాలూ లేవు. ఎండకు చాపలు మాత్రం చంకన పెట్టుకుని పడవ వైపు నడిచారు.

లోసా ఆ పొద్దున్నే కూతురి గోరీ మీద పాత రాళ్ళు తీసి సముద్రంలో పోసింది. కొత్త రాళ్ళు కడిగి చాప మీద ఆరబోసింది. అవింకా తడిగానే ఉన్నాయి. ఆమె గోరీ దగ్గర వంగి, ఇసుక చేత్తో చదును చేసి, "పోటు వచ్చేసరికి వచ్చేస్తా, అప్పుడు పరుస్తా," అని చెప్పి పడవెక్కింది.

పాలనాధికారికి ఆశ్చర్యం వేసింది. "వీళ్ళు సామాను తీసుకోరేం?"

"పోటు వచ్చేసరికి వెనక్కి వస్తామనుకుంటున్నారండీ," అన్నాడు తియో. "నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక్క నిమిషం ఆగండి, మళ్ళీ చెప్తాను."

పాలనాధికారి అతని భుజం మీద చేయి వేశాడు. "వద్దులే. పడవలో చోటు కలిసొస్తుంది," అని నవ్వాడు.

ఆ నవ్వు నేను చూశాను. నాకు కళ్ళు లేవు, పదకొండు చుక్కలున్నాయి, ఆ పదకొండింటితోనూ చూశాను. అది తెలియక చేసిన తప్పు కాదు. మాట తప్పుగా అర్థమైందని తెలిసి, సరిదిద్దబోయిన మనిషిని ఆపి, నవ్వి, చేతులు దులుపుకుని చేసిన పని. నేను కర్ర మీద ఉన్నాను. చేయగలిగింది ఏమిటి? రెపరెపలాడాను. నేను ఏడ్చినా తిట్టినా చూసేవాళ్ళకు రెపరెపలాగే కనపడుతుంది.

సాయంత్రం తౌనాలో పోటు వచ్చింది. నాహేవాళ్ళంతా చాపలు చుట్టుకుని రేవులో నిలబడ్డారు. పడవ కదల్లేదు. కాపలావాడు ఇళ్ళకు పొమ్మన్నాడు. మా ఇళ్ళు అటున్నాయి, పడవ తియ్యి, అన్నారు వాళ్ళు. నవ్వులాటగా మొదలైనది కేకలయింది, కేకలు ఏడుపులయ్యాయి. నీళ్ళు మెట్ల దాకా వచ్చి, చూసినట్టే చూసి, వెనక్కి పోయాయి. కొట్టులోంచి పైడమ్మ పరుగెత్తుకొచ్చి సంగతి వింది.

"మా అయ్యకి ఐదేళ్ళని సెప్పినారే," అంది లోసాను పట్టుకుని. "మీకు ఒక పూటని సెప్పినారు. ఈళ్ళ నోట్లో మాట నిలబడదే పిల్లా, ఈళ్ళని నమ్మకూడదే."

నాహేవాళ్ళకు తౌనా చివర చెత్తకొండ పక్కన రేకుల షెడ్లు వేశారు. నౌకాదళం నాహే చుట్టూ గిరి గీసింది. గిరి లోపలికి పడవ వస్తే కాలుస్తామంది. రాత్రీ పగలూ అటు నుంచి మోతలు వినపడేవి. ప్రతి పౌర్ణమికీ లోసా రాళ్ళు ఏరుకొచ్చి, కడిగి, షెడ్డు ముందు ఆరబోసి, పాలనాధికారి ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. ఒక్క గంట వెళ్ళి పరిచి వచ్చేస్తానని అడిగేది. ఇప్పుడు కాదు అనేవాళ్ళు. ఆమె రాళ్ళు తిరిగి సముద్రంలో పోసి వెళ్ళేది.

కొన్నేళ్ళకు ఒక ఉత్తర్వు వచ్చింది. నాహే ఇకపై ఓలావాలో భాగం కాదు, పెద్ద దేశపు సొంత నేల. కాబట్టి ఓలావా జెండా మీద నాహే చుక్క ఉండటం చట్టవిరుద్ధం. తీసేయాలి. కొత్త జెండా కుట్టించడం దండగ అనుకున్నారో ఏమో, నన్నే దించి బంట్రోతు చేతికిచ్చి పైడమ్మ దగ్గరికి పంపారు.

"ఇప్పను," అంది పైడమ్మ. "నాను ఇప్పను గాక ఇప్పను. కావాలంటే ఆ దొరనే వొచ్చి ఇప్పుకోమను." సన్యాసి లోపల్నుంచి కొట్టు మూయించేస్తారే అని గొణుగుతున్నాడు. కబురు తెలిసి లోసా వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది.

"నేను కుట్టింది నేనే విప్పుతా అక్కా. ఇంకెవరి చేతిలోనైనా పడితే కత్తెర పెడతారు."

ఒక్కో కుట్టూ సూదిమొనతో లేపి, దారం లాగి, నెమ్మదిగా విప్పింది. నాకు నొప్పి పుట్టకూడదన్నంత నెమ్మదిగా విప్పింది. ఆ చుక్కను తర్వాత ఎక్కడ దాచుకుందో నాకు తెలియదు.

పొద్దున్నే నన్ను మళ్ళీ ఎక్కించారు. అప్పుడు చూడాలి తమాషా. ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, నా నీలం వెలిసిపోయి బూడిద రంగులోకి దిగింది. చుక్క కింద ఉన్న గుడ్డకు ఎండ తగల్లేదు. అక్కడ మాత్రం పైడమ్మ కొట్టులో గుడ్డ తాను విప్పిననాటి ముదురు నీలం అలాగే ఉంది. తెల్ల చుక్క ఉన్నప్పుడు పదకొండింట్లో అదొకటి. ఇప్పుడు ఎంత దూరం నుంచి చూసినా ముందు అదే కనపడుతోంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. నాహేవాళ్ళు షెడ్లలోంచి వచ్చి నిలబడ్డారు. అలా చూస్తూ ఉన్నారు. ఓలావాలో నాకు నిజంగా వందనం జరిగింది ఆ ఒక్కరోజే.

పాలనాధికారి వరండాలోకొచ్చాడు. "ఏమిటా మచ్చ?"

"మచ్చ కాదండీ," అన్నాడు తియో. "తమరు తీసేయమన్న ఊరు."

మధ్యాహ్నానికల్లా నన్ను దించేశారు. కొన్నాళ్ళకు రాజధాని నుంచి మిల్లులో అచ్చేసిన జెండాలు ఓడ మీద వచ్చాయి, పది చుక్కలవి. నన్ను మర్యాదగా తగలబెట్టమని బంట్రోతుకు చెప్పారు. పైడమ్మ అతన్ని దారిలో పట్టుకుంది. "మిషను తుడుసుకోడానికి పాతగుడ్డ నేదు బాబూ, అదిలగియ్యి," అని లాక్కుంది. అలా ఆమె ట్రంకుపెట్టెలో, చీరల అడుగున పడ్డాను.

చీకట్లో చాలాకాలం ఉన్నాను. బయట పాలనాధికారులు మారారు. సన్యాసి పోయాడు. పైడమ్మ చెవులకు వినికిడి తగ్గింది, నోటికి మాత్రం ఏమీ తగ్గలేదు. లోసా జుట్టు నెరిసింది. చివరికి పెద్ద దేశంలో కొత్తగా వచ్చిన ప్రభుత్వానికి మనసు కరిగిందట, నాహే విషయం విచారించడానికి ఒక సంఘాన్ని పంపింది. విచారణరోజు పైడమ్మ నన్ను పెట్టెలోంచి తీసి శాలువలా భుజాల మీద కప్పుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. అలా అంతా విన్నాను.

"మీరు మీ ఇష్టంతోనే దీవి వదిలారు కదా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"పోటు వచ్చేదాకా అన్నారు, వదిలాం," అంది లోసా.

"ప్రభుత్వం ఆ మాట అనలేదు. తాత్కాలికంగా అంది."

"సరే బాబూ. అదే అనుకుందాం. ఆ తాత్కాలికం అయిపోయిందా?"

అధ్యక్షుడు పక్కవాళ్ళ మొహం చూశాడు. "ఇంకా నడుస్తోంది," అన్నాడు.

తియో లేచాడు. చేతికర్ర ఆసరాతో నిలబడే ముసలివాడయ్యాడు. "మాట తప్పుగా చెప్పింది నేనే," అన్నాడు గట్టిగా. "దిద్దుతానని అడిగింది కూడా నేనే. దిద్దొద్దన్నది మీ పాలనాధికారి. పడవలో చోటు కలిసొస్తుందని నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను." అధ్యక్షుడు ఓపిగ్గా విని, ఇది అనువాదకుడి పొరపాటుగా సంఘం భావిస్తోందన్నాడు. "నీ నోట మన్నుపడ!" అని పైడమ్మ తెలుగులో తిట్టిన తిట్టు అక్కడ లోసాకూ నాకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

లోసా కూర్చోలేదు. "ఊరు ఇవ్వకపోతే పోయారు. నా బిడ్డ గోరీ మీద రాళ్ళు తీసి వచ్చాను. పిల్ల పక్క లేకుండా పడుకుని ఉంది. ఒక్కసారి వెళ్ళి పరిచి వస్తాను. అంతే బాబూ, ఇంకేమీ అడగను."

ఒక్క పగలు వెళ్ళి రావడానికి మానవతా దృష్టితో అనుమతి ఇచ్చారు. వాళ్ళకు తెలిసిన మానవత్వం మర్నాడు సాయంత్రానికి గడువు తీరిపోయేంత ఉంది.

లోసా ఒడ్డంతా తిరిగి రాళ్ళు ఏరింది. చిన్నవి, పసిపిల్ల ఒంటికి గుచ్చుకోనివి. పైడమ్మ నన్ను భుజం మీంచి తీసి కింద పరిచింది. "ఇందులో మూటగట్టు. మీ ఊరి సుక్క నేదు గాని, జాగా ఉంది." రాళ్ళు పోసి నా నాలుగు మూలలూ ముడేశారు. అప్పటిదాకా నాలో గాలి తప్ప ఏమీ నిండలేదు. బరువంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నాహే ఒడ్డున దిగాం. చెట్లు లేవు. ఇళ్ళు లేవు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా బూడిదరంగు కాంక్రీటు, విమానాలు దిగడానికి. లోసా ఎటు నడవాలో తెలియక నిలబడిపోయింది. వెంట వచ్చిన ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "గోరీల దగ్గరికేనా అమ్మా? కంగారుపడకండి, వాటిని మేం ముట్టుకోలేదు," అని ముందుకు దారి తీశాడు. నిజమే. కాంక్రీటు అంచున కొంచెం ఇసుక వదిలి, చుట్టూ తెల్ల రంగు కంచె కట్టారు. లోపల గోరీలు వరసగా ఉన్నాయి. రాళ్ళు నల్లబడ్డాయి గానీ ఉన్నాయి. లోసా కంచె పట్టుకుని వరస వెంట నడిచింది. చివర ఆమె తల్లి గోరీ ఉంది. దాని పక్కన కంచె ఉంది. కంచె అవతల కాంక్రీటు మొదలైంది.

"ఇక్కడ ఇంకొకటి ఉండాలి బాబూ," అంది. "చిన్నది."

"రాళ్ళున్న ప్రతిచోటా కంచె వేశాం అమ్మా. రాళ్ళు లేనిచోట..." కుర్రవాడు చుట్టూ చూశాడు. "ఉత్త నేలే అనుకుని ఉంటారు."

లోసా అక్కడే కూలబడింది. "పరిచి వెళ్ళి ఉంటే," అంది. "తడిగానైనా పరిచి వెళ్ళి ఉంటే ఉండేది." అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ తలను కంచెకు కొట్టుకుంది. కాదే తల్లీ, నీ తప్పు కాదే, అని అరిచాను. మూటలో రాళ్ళు కూడా కదల్లేదు. ఒక్క పూట అని అబద్ధం చెప్పినవాడు పింఛను తీసుకుని హాయిగా పోయాడు, నెరిసిన తల ఈమె కొట్టుకుంటోంది.

చాలాసేపటికి లేచింది. తల్లి గోరీ పక్కనుంచి చేతులతో కొలుచుకుంటూ కాంక్రీటు మీదికి వచ్చి ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుంది. మూట విప్పింది. కాంక్రీటు బాగా కాలుతోంది. ఆ కాలే నేల మీద రాళ్ళు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ముందు నన్ను పరిచింది, బిడ్డకు పక్కగుడ్డ పరిచినట్టు ముడతలు సర్దింది. నా మీద ఒక్కొక్క రాయీ పెట్టింది. మోవా పొడుగు ఎంతో ఆమె చేతులకు గుర్తుంది. అంతే పరిచింది.

ఆఫీసరు గడియారం చూసుకుని, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఆఖరికి పడవకు వేళయిందన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. పడవ గట్టు దాటిందో లేదో ఇద్దరు సిపాయిలు వచ్చారు. విమానం దిగేచోట రాళ్ళుండకూడదు కదా. నా మూలలు పట్టుకుని లేపి, రాళ్ళన్నీ చెత్తబండిలో కుమ్మరించారు. అప్పుడు వాళ్ళలో ఒకడు, "అరే, ఇది పాత జెండారా," అన్నాడు. ఆ మాటతో నేను గుడ్డ కాకుండా పోయాను, వస్తువునయ్యాను. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ, ఓడెక్కి, ఈ అద్దాల పెట్టెలో పడ్డాను.

ఇక్కడ ఒక అమ్మాయి తెల్ల చేతితొడుగులు వేసుకుని నన్ను ఎంతో జాగ్రత్తగా శుభ్రం చేసింది. నా నేతలో ఇరుక్కున్న తెల్ల ఇసుకనంతా పట్టకారుతో ఏరి పారేసింది. అది ఏ రాళ్ళ పొడో ఆమెకేం తెలుసు? పెట్టె కింద అట్టముక్క మీద రాశారు: ఓలావా ప్రజల కానుక, ఒక చుక్క ఊడిపోయింది. ఎవరిచ్చారు కానుక? ఎలా ఊడిపోయింది? బడిపిల్లలు వరసగా వచ్చి అది చదువుకుని పోతుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. రాసినవాడి మీద ఉంది. లోసా ఉందో పోయిందో ఇక్కడ నాకు చెప్పేవాళ్ళు లేరు.

జెండాలను మనుషులు సేనాపతుల శవపేటికల మీద కప్పుతారు, దానికి బాకాలూ తుపాకుల పేలుళ్ళూ ఉంటాయి. నన్ను కప్పింది ఇంకా నడక రాని ఒక పిల్ల మీద. ఆ పూట నాహేలో గాలి విపరీతంగా వీచింది. నేను ఎగరలేదు. రాళ్ళ కింద కదలకుండా పడుకున్నాను. జెండాగా పుట్టి నేను చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. అది కూడా పూర్తిగా చీకటి పడేదాకా చేయనివ్వలేదు.